పలకకు తగిన బలపం

రాతి పలక మీద వ్రాసే బలపం రేకు పలక మీద కూడా వ్రాసేది. బలపం విరిగిన పిల్లవాడు పక్కవాడిని అడిగి సగం ముక్క తీసుకునేవాడు. అది తన పలక మీద పడుతుందా పడదా అన్న సందేహం వాడికి కలలో కూడా కలిగేది కాదు. నేటి గాజు పలకల రాజ్యంలో ఆ సౌకర్యం లేదు. ఒక టాబ్లెట్ మీద ముత్యాలు పేర్చినట్టు వ్రాసే కలం, పక్కనున్న మరొక టాబ్లెట్ మీద చుక్క కూడా పెట్టలేకపోవచ్చు. రెండు టాబ్లెట్లూ ఒకే సంస్థ తయారుచేసినవైనా సరే.

ఇంగ్లీషువారు ఈ జంటను టాబ్లెట్, స్టైలస్ అంటారు. రోమనులు మైనం పూసిన చెక్కల మీద మొనదేరిన పుల్లతో వ్రాసుకున్న కాలం నాటి మాటలవి. మనకూ పలక ఉంది, ఘంటం ఉంది. అనువాదకులకు ఇంత సులభంగా సమానార్థకాలు దొరకడం అరుదు. అయినా అంగడికి వెళ్ళి ఘంటం కావాలంటే ఏమి చేతికిస్తారో చెప్పలేము కనుక, ఇక్కడ కలం అనే అందాం.

ఈ కలం ఇప్పుడు చిత్రకారుల ముచ్చట మాత్రమే కాదు. పుస్తకాల ప్రూఫులు కాగితం మీద రావడం తగ్గిపోయింది. తెర మీదనే దిద్ది పంపాలి. పాఠాలు చెప్పేవారిది, వ్రాసుకునేవారిది కూడా అదే దారి. రోజుకు నాలుగైదు గంటలు చేతిలో ఉండే పనిముట్టు సరిపడకపోతే, కొత్త చెప్పు కాలిని కరిచినట్టు అది వేలిని కరుస్తుంది. నేనెరిగిన ఒక ప్రూఫు రీడరుగారు, ముప్పై ఏళ్ళుగా ఎర్రసిరాతో ఎందరి తప్పులనో కడుగుతూ వచ్చిన ఆవిడ, తెర మీదికి మారిన ఆరు నెలలకే బొటనవేలి మొదట్లో నొప్పితో పని మానుకునే స్థితికి వచ్చారు. పేజీకి ఇంత అని తీసుకునే మనిషికి పని మానుకోవడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

కలం ఎన్నిక మన ఇళ్ళలో సంబంధం చూడటం వంటిది. ముందు జాతకాలు కలవాలి, తరువాతే పెళ్ళిచూపులు. (మనుషుల విషయంలో ఈ వరుస ఎంతవరకు సబబో వేరే చర్చ.)

దాదాపు ఏ టాబ్లెట్‌తోనైనా కలిసిపోయేది రబ్బరు మొన కలం. దానిలో యంత్రమేమీ లేదు. అది వేలి వేషం వేసుకున్న పుల్ల. వేలు తగిలిందని గాజు నమ్మాలంటే మొన వెడల్పుగా ఉండాలి. వెడల్పుగా ఉంటే దాని కింద ఏమి వ్రాస్తున్నామో కనపడదు. ఇంగ్లీషుకు ఎలాగో సరిపెట్టుకోవచ్చు. ‘శాస్త్రం’ అని వ్రాసి చూడండి: ఒత్తు కింద ఒత్తు చేరేసరికి అంతా ఒకే మరక. పైగా అరచేయి ఆనిస్తే అదీ గీతలు గీస్తుంది. ధర తక్కువే, కాని ప్రూఫులు దిద్దడానికి ఇది పనికిరాదు.

రెండవ జాతిలో కలానికి బ్యాటరీ అక్కరలేదు. గాజు కింద పరచిన పొర అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, కలంలోని చిన్న తీగచుట్ట దానికి బదులు పలుకుతుంది. జపాను సంస్థ వాకమ్ పేరు తెచ్చుకున్నది ఈ విద్యలోనే. 2011లో వచ్చిన గెలాక్సీ నోట్ మొదలు శాంసంగ్ వారి ఎస్ పెన్, 2022 నాటి కిండిల్ స్క్రైబ్ కలం ఈ కుటుంబానివే. వీటిలో ఒక ఇంటి కలం మరొక ఇంట చాలావరకు చెల్లుబాటవుతుంది.

చిక్కంతా మూడవ జాతితో. వీటికి బ్యాటరీ ఉంటుంది. ఒక్కొక్క సంస్థ కలం తన సొంత యాసలో గాజుతో మాట్లాడుతుంది. అందరికీ ఒకే భాష ఉండాలని 2015లో యు.ఎస్.ఐ. అనే ప్రయత్నం మొదలైంది గాని, అది ముఖ్యంగా క్రోమ్‌బుక్కుల వరకే పాకింది. ఆపిల్ పెన్సిల్ సంగతే చూడండి. 2015లో మొదటిది, 2018లో రెండవది, 2023లో యు.ఎస్.బి.–సి రకం, 2024లో ప్రో వచ్చాయి. 2022లో వచ్చిన పదవ తరం ఐప్యాడ్‌తో రెండవది పనిచేయదు. మొదటిది పనిచేస్తుంది గాని, దానికి చార్జింగు పెట్టాలంటే మధ్యలో ఒక అడాప్టరు కావాలి. కొత్తది కదా, ఖరీదైనది కదా అని కొంటే జాతకం కలవదు. కనుక అంగడికి పోయేముందు టాబ్లెట్ సెట్టింగులలో మోడల్ నంబరు చూసి వ్రాసుకోవాలి. కలం తయారీదారుల పట్టికలో ఆ నంబరు ఉన్నదో లేదో సరిచూడాలి. ‘అన్నిటికీ పనిచేస్తుందండీ’ అనే దుకాణదారుడి మాట పట్టికకు బదులు కాదు.

ఇక పెళ్ళిచూపులు. అంగడిలో కలం చేతికిస్తే అందరూ చేసేది సంతకం. చేతికి అన్నిటికన్నా అలవాటైన రాత అదే. చీపురుపుల్లతోనైనా సంతకం చక్కగానే వస్తుంది. పది నిమిషాలు నిలబడి ఒక పేరా వ్రాయాలి. తెలుగు చేయి పదే పదే పైకి లేస్తుంది. తలకట్టుకు ఒకసారి, గుడికి ఒకసారి, ఒత్తుకు మరొకసారి కలం గాజును తాకీతాకనట్టు తాకుతుంది. ఆ చిన్న తాకిడులు పడుతున్నాయా, లేక తలకట్లు ఎగిరిపోతున్నాయా? సిరా మొన వెంటనే వస్తున్నదా, వెనకబడుతున్నదా? ఆపిల్ వారు 2019లో ఈ జాప్యాన్ని 20 మిల్లీసెకన్ల నుండి 9కి తగ్గించారంటే, అంత స్వల్పమైన తేడా కూడా చేతికి తెలుస్తుందన్నమాట.

4096 స్థాయిల ఒత్తిడిని గుర్తిస్తుందని అమ్మేవారు ఊదరగొడతారు. బొమ్మలు వేసేవారికి అది ప్రాణం. అక్షరదోషం చుట్టూ సున్న చుట్టేవారికి దానితో పనిలేదు. ఒత్తిడి గుర్తించలేని యు.ఎస్.బి.–సి పెన్సిల్ ప్రూఫులకు చక్కగా సరిపోతుంది. చేతిరాతను అచ్చక్షరాలుగా మార్చడం కలం చేసే పని కాదు, లోపలి సాఫ్ట్‌వేర్‌ది. అది తెలుగు చదువుతుందో లేదో విడిగా విచారించుకోవాలి.

చేతిని అలసిపెట్టేది బరువని చాలామంది అనుకుంటారు. రెండవ ఆపిల్ పెన్సిల్ బరువు 20.7 గ్రాములు, మందం 8.9 మిల్లీమీటర్లు, చెక్క పెన్సిలు మందం సుమారు 7. నా ఉద్దేశంలో అసలు శత్రువు నునుపు. కలం వేళ్ళలో జారుతుంది, మొన గాజు మీద జారుతుంది. రెంటినీ ఆపడానికి వేళ్ళు బిగుసుకుంటాయి. ఆ ప్రూఫు రీడరుగారు కలం మార్చలేదు. పాత నూలు చీర అంచు చించి, వేళ్ళు పట్టే చోట నాలుగు చుట్లు చుట్టి కుట్టారు. తెర మీద గరుకు పొర అంటించారు. నెల తిరిగేసరికి మళ్ళీ పేజీలు తీసుకోవడం మొదలుపెట్టారు. బడిపిల్లల పెన్సిళ్ళకు తొడిగే రబ్బరు గొట్టం ఉన్నా అదే పని చేస్తుంది, కలం లావు దానికి పట్టాలి అంతే.

గరుకు పొర వేస్తే బొమ్మ కొంచెం మసకబారుతుంది. మొనలూ త్వరగా అరుగుతాయి. అందువల్ల కొనేటప్పుడే ఆ కలానికి విడి మొనలు దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అని అడగండి. అరిగిన మొనతోనే నెట్టుకొస్తే లోపలి లోహం బయటపడి గాజును గీస్తుంది. మొన ఖరీదు వందలలో ఉంటే, తెర మార్చే ఖర్చు వేలలో ఉంటుంది.