ఫొటో అంచున నిలబడ్డవాళ్లు

రాజమహేంద్రవరంలో గోదావరి మీది పాత రైలు వంతెనను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దుతామని పాలకులు అంటున్నారు. 2025లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో ఆ హేవలాక్ వంతెన కూడా ఉంది. 1900లో రాకపోకలు మొదలుపెట్టి, 1997లో విశ్రాంతి తీసుకున్న వంతెన అది. దాని చరిత్ర చెప్పాలంటే పాత రైళ్ల ఫొటోలు కావాలి. ఆ ఫొటోల కింద ఏం రాస్తారన్నదే నా ప్రశ్న.

ఆ ఫొటోలంటే నాకూ ఇష్టమే. తూటా మొనలాంటి ముక్కుతో డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజను, ఏటవాలుగా పడే ఉదయపు ఎండ, పొగ వెనక మసకబారిన బోగీల వరస. వీటిని ఒక్క చట్రంలో బంధించడానికి ఛాయాచిత్రకారుడు గంటల తరబడి కాచుకుని ఉంటాడు. ఎక్స్‌ప్రెస్ కంటే పాసింజరు బండి ఫొటోలో జీవం ఎక్కువ. ఎక్స్‌ప్రెస్ ఊళ్లను దాటిపోతుంది, పాసింజరు ప్రతి ఊరి ముందూ ఆగుతుంది. కడియం పూలబుట్టలు, పాలకొల్లు కొబ్బరికాయలు, కిటికీలోంచి చేతులు చాచే పిల్లలు, అన్నీ అందులోకి వస్తాయి. కనుక అది బండి ఫొటో మాత్రమే కాదు, ఆ ప్రాంతపు సమాజం ఫొటో కూడా.

అయితే ఆ సమాజంలో ఎవరు స్పష్టంగా కనబడతారు? తొలినాళ్ల కెమెరాలకు కదలిక పట్టేది కాదు. కదలకుండా నిలబడే తీరిక ఉన్న అధికారి ముఖం మీసకట్టుతో సహా పడింది. తట్ట మోస్తూ నడిచిన కూలీ మసకమరకగా మిగిలాడు. కూలీని నిలబెట్టి తీసిన చోట కూడా తరచుగా అది ఇనుప దూలం ఎంత ఎత్తుందో తెలియడానికే. మనిషి అక్కడ కొలబద్ద. కెమెరాలు మెరుగుపడ్డాక కూడా రాత మారలేదు. ఆవిరి బండ్ల ఫొటోల కింద ఇంజను తరగతి, నంబరు, తేదీ, స్టేషను పేరు శ్రద్ధగా రాస్తారు. బొగ్గు ఎగదోసే ఫైర్‌మన్ పేరు మాత్రం అరుదుగా కూడా కనబడదు.

మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్‌గా రిటైరయ్యారు. మా పేట నుంచి సర్కారు జీతం అందుకున్న తొలి తరం ఆయనది. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, సడలిన కీలను బిగించుకుంటూ పోవడం ఆయన పని. ఆయన పని మీద ఉండగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నది ఉద్యోగ గుర్తింపు కార్డు కోసం తీసిన తపాలా బిళ్లంత ఫొటో మాత్రమే. ఆయన కాచిన దారి మీద పరుగెత్తిన ఇంజన్లకు మాత్రం ఆల్బములకు ఆల్బములే ఉన్నాయి.

డెల్టా మెత్తటి నేల. వరదకు మునగకుండా ఇక్కడ రైలుదారిని ఎత్తయిన మట్టికట్టల మీద వేశారు. ఆ మట్టిని పక్కనే తవ్వి పోశారు. కట్ట పొడవునా నీళ్లు నిలిచి, తామరలు పూసిన గుంటలు నేటికీ కిటికీలోంచి కనబడతాయి. వాటిని ప్రకృతి అందంగా ఫొటో తీస్తాం. తరతరాలుగా మట్టిపని, రాతిపని చేసిన ఒడ్డెరల వంటి కులాల, భూమిలేని కూలీల చెమట గుర్తులుగా వాటిని ఎవరూ చూపించరు.

రైలు కులాన్ని కొంత కదిలించిన మాట నిజం. టిక్కెట్టు మీద కులం గడి లేదు. గుడి మెట్లెక్కనివ్వని మనిషి కూడా డబ్బు చెల్లిస్తే మూడో తరగతి బల్ల మీద కూర్చోగలిగాడు. కానీ బల్ల దిగితే కథ మొదటికొచ్చేది. చిన్ననాడు తండ్రిని చూడబోతూ మసూర్ స్టేషన్‌లో దిగిన అంబేడ్కర్, తాము మహర్లమని చెప్పగానే స్టేషన్ మాస్టరు ముఖం ఎలా మారిపోయిందో తన స్వీయ జ్ఞాపకాల్లో రాశారు. మద్రాసు రాష్ట్రంలో రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణులకూ తక్కినవారికీ వేర్వేరు చోట్లుండేవి. పెరియార్ ఉద్యమ ఒత్తిడితో 1941లో అవి పోయాయి. మూడో తరగతి అన్న మాటే 1974 దాకా పోలేదు.

ఏ ఫొటోలోనూ లేని దృశ్యం ఇంకొకటి ఉంది. బండి కదిలిపోగానే ఛాయాచిత్రకారుడు కెమెరా సర్దుకుంటాడు. అప్పుడే పాకీ పనివారు చీపురు పట్టుకుని పట్టాల మీదికి దిగుతారు. ఆ పని ఏ కులాల మీద పడిందో చెప్పనక్కర్లేదు. చేతులతో మలాన్ని ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం రైలు పట్టాలను పేరుపెట్టి ప్రస్తావించాల్సి వచ్చింది. మనం ముచ్చటపడే పాసింజరు బండి సౌందర్యానికి ఇది రెండో ముఖం.

పాత ఇంజను ఫొటోలో కూడా కులాన్ని వెతకాలా అని కొందరు విసుక్కోవచ్చు. కులాన్ని నేను వెతకడం లేదు. శీర్షికలో రాయకుండా వదిలేసిన పేర్లను అడుగుతున్నాను. పేరు చిన్న విషయం కాదని ఈ డెల్టాకు బాగా తెలుసు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చినందుకు 2022 మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ, ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. బోర్డు మీద ఎవరి పేరుండాలన్నది ఇక్కడ రాజకీయమే. ఎవరి పేరూ లేకుండా చూసుకోవడం కూడా రాజకీయమే.

కనుక హేవలాక్ వంతెన మీద పెట్టే ప్రతి ఫొటో కింద ఇంజనీరు పేరుతో పాటు ఆ పని చేసిందెవరో రాయాలి. పేర్లు దొరక్కపోతే కనీసం పని పేరైనా, ఆ పని మోసిన సమూహాల పేర్లయినా ఉండాలి. రైల్వే దగ్గర మిగిలిన మస్టర్ రోల్స్, ప్రమాదాల నమోదులు పరిశోధకులకు తెరవాలి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం విద్యార్థులు పక్కనే ఉన్నారు. నిడదవోలు నుంచి నరసాపురం దాకా, సామర్లకోట నుంచి కాకినాడ దాకా రైల్వే పనివారి పేటలకు వెళ్లి, రిటైరైన ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, సఫాయి కార్మికుల మాటలు రికార్డు చేయాలి. ఆ ఇళ్లలోని గుర్తింపు కార్డుల ఫొటోలకు నకళ్లు తీయాలి. ఆ తరం వేగంగా వెళ్లిపోతోంది.

ప్రదర్శన తెరిచిన రోజున మా తాత ఫొటో పట్టుకుని నేనూ వెళతాను. తపాలా బిళ్లంతే ఉన్నా, డబ్ల్యూపీ ఇంజను పక్కన దానికీ చోటివ్వమని అడుగుతాను.