కోడిగుడ్ల బడి

మన కాలేజీలో ఎవరికైనా మార్కులు తగ్గితే వినపడే మొదటి మాట "బేసిక్స్ వీకు". మ్యాథ్స్ సారు ఇంటర్‌లో సరిగా చెప్పలేదంటారు. ఇంటర్ లెక్చరర్లు టెన్త్‌లో బట్టీ పట్టించారంటారు. హైస్కూలు మాస్టార్లు ఎలిమెంటరీ వైపు చెయ్యి చూపిస్తారు. అక్కడి టీచరమ్మ "ఒకటో తరగతికి వచ్చేసరికే అట్టా ఉన్నారు, నన్నేం చెయ్యమంటారు" అంటుంది. నెపం ఇలా మెట్టు మెట్టూ దిగి చివరికి మూడేళ్ల పిల్లవాడి ఒళ్లో పడుతుంది. ఇంకెవరి మీదికి నెట్టాలో తెలియక వాడు ముక్కు చీదుకుంటాడు.

నవ్వులాటకే అన్నా, ఆ ఆఖరి మెట్టు గురించి మనం అసలు మాట్లాడుకోం. ఎంసెట్ గురించి గంటలు గంటలు మాట్లాడతాం. ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతి నుంచే బోర్డులు కనపడుతున్నాయి. అసలు ఫౌండేషన్ పడే చోట, అంటే మూడు నుంచి ఆరేళ్ల మధ్య, మా గురజాలలో ఏం జరుగుతోందో చెప్తాను. చేతిలో నాలుగు డబ్బులున్న ఇంట్లో మూడేళ్లకే రాత మొదలుపెడుతున్నారు. లేనివాళ్ల పిల్లలకి అన్నం పెట్టి సరిపెడుతున్నారు. పిల్లలతో మాట్లాడేవాళ్లు, కూర్చుని ఆడించేవాళ్లు మాత్రం రెండు చోట్లా కరువే.

ముందు రాత సంగతి. మా వీధిలో సాయంత్రం అయిదింటికి ఏ అరుగు మీద చూసినా నర్సరీ పిల్ల నాలుగు గీతల కాపీ ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఒక పేజీ ఏ, ఒక పేజీ బీ. పక్కన వాళ్లమ్మ స్కేలు పట్టుకుని. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లలో వాటిలో సగానికి పైగా ఇంకా ఎముకగా గట్టిపడనే లేదు, మెత్తగానే ఉంటాయి. క్యూరింగ్ కాని స్లాబు మీద లోడు పెడితే సివిల్ వాళ్లు ఊరుకుంటారా? ఆ చేతికి ముందు కావలసింది బంకమట్టి, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం, నేల మీద ముగ్గుపిండితో గీతలు. వేళ్లకి బలం వచ్చాక పెన్సిలు దానంతటదే పట్టు చిక్కుతుంది.

రాత కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మాట. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్ల, "యాడికి పోతన్నావే తాతా" అని దారిన పోయేవాళ్లందరినీ నిలేసే పిల్ల, కాన్వెంటులో వేసిన నెలకి గమ్మునైపోతుంది. అక్కడ తెలుగు మాట్లాడకూడదు. ఇంగ్లీషు ఇంకా రాదు. ఇక మిగిలింది తలూపడమే. ఇంగ్లీషు వద్దని నేననడం లేదు, నేను చదివే పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. కానీ మూడేళ్ల వయసులో పిల్ల ప్రశ్న అడగడం, కథ చెప్పడం, వాదించడం, అబద్ధం అల్లడం కూడా, అన్నీ ఇంటి భాషలోనే నేర్చుకుంటుంది. ఆ పని సగంలో ఆపేసి రైమ్స్ అప్పజెప్పించుకుని, చుట్టాల ముందు చప్పట్లు కొట్టించుకుంటే చదువు వచ్చినట్టేనా?

ఇక రెండో వైపు. మా వీధిలో అంగన్‌వాడీని కొందరు 'కోడిగుడ్ల బడి' అంటారు. వెక్కిరింపుగానే అంటారు. గుడ్డును నేను చిన్నచూపు చూడను. ఆకలితో ఉన్న పిల్లకి ఏ పాఠమూ ఎక్కదు. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకంలో ఆరు సేవలున్నాయి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షల్లాంటి వాటితో పాటు బడికి ముందు చదువు కూడా ఒకటి. ఆరూ చూడాల్సింది ఒక కార్యకర్త, ఒక ఆయా. గర్భిణులకి సరుకులివ్వాలి, పిల్లల్ని తూకం వెయ్యాలి, పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి రావాలి. అవన్నీ అయ్యాక మిగిలిన టైములో ఆట, పాట, కథ. ఆ మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

అసలు ఈ ఆలోచన పుట్టినప్పుడు ఇలా లేదు. 1945లో తారాబాయి మోదక్ బొంబాయి దగ్గర బోర్డి అనే పల్లెలో పిల్లల బడి పెట్టారు. పేదల పిల్లలు బడికి రావడం లేదని, బడినే వాళ్ల ముంగిళ్లలోకి తీసుకెళ్లారు. అంగన్ అంటే ముంగిలి, ఆ పేరు అక్కడిదే. ఖరీదైన బొమ్మలు లేవు కాబట్టి గింజలు, ఆకులు, గవ్వలు, గులకరాళ్లే పాఠ్యపుస్తకాలు. మనకి కొత్తేం కాదు. చింతపిక్కలూ గచ్చకాయలూ కలిపి పోసి వేరు చెయ్యమంటే అది సార్టింగ్. వామనగుంటల్లో ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోతే, నోటితో వంద దాకా ఒప్పజెప్పే పిల్లకి కూడా తెలియని సంగతి తెలుస్తుంది: ఒక అంకెకి ఒక వస్తువు. ఉయ్యాల దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగడం అన్నిటికన్నా కష్టమైన పాఠం. మన క్యాంటీన్ కౌంటర్ దగ్గర చూస్తే అది చాలామందికి ఇప్పటికీ రాలేదనిపిస్తుంది.

ఆటలతో ఒరిగేదేముంది అనేవాళ్లకి అమెరికాలో జరిగిన ఒక పని చెప్పాలి. 1962లో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్లో పెర్రీ ప్రీస్కూల్ అని మొదలుపెట్టారు. 123 మంది పేద నల్లజాతి పిల్లల్ని తీసుకుని, 58 మందికి నర్సరీ చదువు చెప్పారు, 65 మందికి చెప్పలేదు. వాళ్లకి నలభై ఏళ్లొచ్చేదాకా వెంటబడి చూశారు. తమాషా ఏంటంటే, మొదట్లో పెరిగిన ఐక్యూ కొన్నేళ్లకే మామూలైపోయింది. అక్కడితో ఆపేసి ఉంటే "వేస్టు" అని ఫైలు మూసేసేవాళ్లు. కానీ పెద్దయ్యాక చూస్తే, చదువు పూర్తి చేసినవాళ్లు, ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆ 58 మందిలోనే ఎక్కువ, అరెస్టులు తక్కువ. అంటే నర్సరీలో నిలిచింది ఏబీసీడీలు కాదు. మొదలుపెట్టిన పని వదలకపోవడం, పక్కవాడితో సర్దుకోవడం, అడగడానికి భయపడకపోవడం. చిన్న ప్రయోగమే, మన పల్నాడుకి అచ్చంగా అతకదు కూడా. అయినా మూడు నెలల్లో పిల్ల ఏం రాసింది అని కాపీ తిరగేసే మనవాళ్లకి ఆ ఓపిక గురించైనా చెప్పాలి.

మన 2020 జాతీయ విద్యావిధానం ఆరేళ్ల లోపే 85 శాతానికి పైగా మెదడు ఎదుగుదల జరిగిపోతుందని రాసింది. ఆ శాతాన్ని ఏ స్కేలుతో కొలిచారో నాకు అర్థం కాలేదు గానీ, అంత నమ్మినవాళ్లు చట్టంలో ఏం చేశారో చూడండి. ఇందులో మన ఇంజినీరింగ్ వాళ్లకి సంబంధించిన సంగతి ఒకటుంది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ కేసు దేని గురించో తెలుసా? ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల ఫీజుల గురించి! మన కాలేజీల డొనేషన్ల గొడవలోంచి చిన్నపిల్లల హక్కు బయటికొచ్చింది. అప్పుడు కింద వయసు హద్దు లేదు. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ చేసి ఆరు నుంచి పద్నాలుగు అన్నారు. ఆరేళ్ల లోపు వాళ్లకి మాత్రం ప్రభుత్వం "ప్రయత్నించాలి" అని రాసి వదిలేశారు. హక్కుకీ ప్రయత్నానికీ తేడా ఏంటో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూసే మనకి ఒకరు చెప్పాలా?

ఆ తేడా జీతంలో కనపడుతుంది. 2023 డిసెంబర్ 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగే నాటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో వాళ్ల మీద ఎస్మా పెట్టారు. అత్యవసర సేవ అని చట్టం ప్రయోగించడానికి పనికొచ్చిన పని, అత్యవసర సేవకి తగ్గ జీతం ఇవ్వడానికి పనికిరాలేదన్నమాట.

తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక. మిరప కోతలకి వెళ్లే ఒకామెని "అంగన్‌వాడీ ఉండగా అప్పు చేసి కాన్వెంటు ఎందుకక్కా" అని అడిగాను. "ఆడ ఆడుకుంటన్నారయ్యా, చదువేడ చెప్తన్నారు? అయినా మేము తెల్లారకుండా ఆటో ఎక్కాలి, ఆ తలుపు తీసేది తొమ్మిదింటికి. కాన్వెంటు బస్సు ఇంటి ముందుకొస్తది" అంది. మొదటి మాటకి నా దగ్గర జవాబుంది, ఈ వ్యాసమంతా అదే. రెండో మాటకి లేదు. కోతల కాలంలో మా పల్నాడు చేలల్లోకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. ఆ పిల్లల పేరు ఆ ఊరి రిజిస్టర్లో, పిల్లలు ఈ ఊరి చేను గట్టున పట్టా నీడలో. ఘాటుకి కళ్లు నులుముకుంటూ, తమ్ముణ్ణి ఎత్తుకుని నాలుగేళ్ల అక్క.

నేను అడిగేది పెద్ద బిల్డింగులు కాదు. మిరప కోతల నెలల్లో మా మండలంలో అంగన్‌వాడీ తలుపు పొద్దున ఆరింటికి తెరవాలి. అందుకు ఇంకో మనిషిని జీతమిచ్చి పెట్టాలి, ఉన్నవాళ్ల నెత్తినే రుద్దకూడదు. వలస వచ్చిన పిల్లని ఏ ఊరని అడగకుండా కూర్చోబెట్టుకోవాలి. రిజిస్టర్లు రాయడానికి వేరే మనిషి ఉండాలి, టీచరమ్మ చేతులు గింజలకీ మట్టికీ ఖాళీగా ఉండాలి. తల్లులు నెలకోసారి వచ్చి, చింతపిక్కలతో వాళ్ల పిల్ల ఏం నేర్చుకుంటోందో పక్కన కూర్చుని చూడాలి. ఈ సంక్రాంతి సెలవులకి మన క్లబ్బులో పల్నాడు వాళ్లు ఎవరైనా ఊరికెళ్తే, మీ వీధి అంగన్‌వాడీలో ఒక పూట కూర్చుని రండి. కథ చెప్పడం వస్తే చెప్పండి. రాకపోతే గింజలు ఏరిపెట్టండి, అక్కడ ఎప్పుడూ చాలవు.