బోరు మోటారుకు ఎర్తింగ్: ఖరగ్‌పూర్ బస్తీలో ఎవరి బాధ్యత?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కార్మికుల వారసులు నేటికీ ఇక్కడ తెలుగు మాట్లాడుకుంటారు. ఊరిది ఎర్రమట్టి నేల. వేసవిలో ఎండి గట్టిపడితే కరెంటును సులువుగా పీల్చుకోదు. అందువల్ల ఇక్కడ బోరు మోటారు ఎర్తింగ్ ప్రాణం సంగతి.

లెక్క చూద్దాం. నీళ్లలో దించిన మోటారు వైండింగ్ దెబ్బతింటే కరెంటు ఇనుప పైపుకు పాకుతుంది. ఎండిన నేలలో పాతిన కడ్డీ నిరోధం 50 ఓములనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఆ కడ్డీ గుండా నేలలోకి పోయేది 4.6 ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోదు. పైపు ప్రాణం తీసే స్థితిలోనే ఉంటుంది. తడికాళ్లతో బిందె పట్టుకొచ్చిన ఆడమనిషి దాన్ని ముట్టుకుంటుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఆ లీకేజీకే సరఫరా ఆగిపోతుంది. ఎర్తింగ్ కూడా ఉంటే ఎవరూ ముట్టుకోకముందే ఆగుతుంది. అందుకే రెండూ కావాలి.

ఇవి కొత్త సంగతులు కావు. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ప్రమాణం ఉంది. సరఫరా మొదలయ్యే చోట ఎర్త్ టెర్మినల్ ఇవ్వాల్సింది విద్యుత్ సంస్థేనని భద్రతా నియమాలు చెబుతున్నాయి. కానీ ఆ బాధ్యత మీటరు దగ్గర మొదలవుతుంది. పట్టా లేని బస్తీకి మీటరు రావడమే కష్టం. ప్రమాదం జరిగితే ‘దొంగ కరెంటు’ అన్న ఒక్క మాటతో చనిపోయిన మనిషే దోషి అవుతుంది.

1927లో మహాడ్ చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం నిలబడిన బాబాసాహెబ్, 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా దేశ విద్యుత్ విధానాన్ని కూడా చూశారు. కరెంటు చవగ్గా అందాలని, అది ప్రభుత్వ బాధ్యత కావాలని వాదించారు. నీటి హక్కు, కరెంటు హక్కు రెండూ కలిసేది బోరు దగ్గరే. 21వ అధికరణం ప్రాణరక్షణను పట్టా ఉన్నవారికే పరిమితం చేయలేదు. భూమి తగాదా తేలేదాకా భద్రత ఆగకూడదు.

పురపాలక సంఘం, రైల్వే కలిసి బస్తీల్లోని ఉమ్మడి బోర్లన్నిటికీ ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. నేల బాగా ఎండే వేసవిలోనే చేయాలి. 1951 నుంచి ఇదే ఊళ్లో ఐఐటీ ఉంది. అక్కడి విద్యార్థులు ఎర్త్ టెస్టర్ పట్టుకుని బస్తీకి వెళ్లి కొలిచి, ఆ అంకెలను బయటపెట్టవచ్చు. చదువుకున్న చదువును బస్తీకి తిరిగివ్వడమంటే ఇదే.