చెడు వార్త వినగల అధికారులు కావాలి
కంపెనీల యజమానులకు, మేనేజర్లకు, మేనేజ్‌మెంట్ కళాశాలలకు విజ్ఞప్తి



మన కంపెనీల్లో ఒకరిని మేనేజర్‌ని చేసేటప్పుడు ఏం చూస్తున్నాం? టార్గెట్ దాటాడా, డెడ్‌లైన్‌కి పని అప్పజెప్పాడా, క్లయింట్ ముందు ధాటిగా మాట్లాడాడా? ఇవన్నీ అవసరమే. కానీ "సార్, ఈ లెక్క తేడాగా ఉంది" అని కిందివాడు అన్నప్పుడు ఆయన ఎలా స్పందిస్తాడో ఎవరూ చూడటం లేదు. అధికారి సమర్థత చాలావరకు అక్కడే తేలుతుంది. కుర్చీ పెద్దదయ్యేకొద్దీ మనిషి స్వయంగా చూసేది తగ్గిపోతుంది, ఇతరులు చెప్పేదాని మీదే ఆధారపడాల్సి వస్తుంది. ఆ చెప్పేవాళ్లు భయపడితే, ఎంత తెలివైనవాడైనా సగం సమాచారంతోనే నిర్ణయాలు తీసుకుంటాడు.

అప్రియమైన మాటను ఓపికగా వినడం, విన్నదాన్ని బట్టి తనను తాను సరిదిద్దుకోవడం నేర్పితే వచ్చే గుణాలు. వాటిని నేర్పే బాధ్యత ప్రతి కంపెనీ తీసుకోవాలని కోరుతున్నాం.

హైదరాబాద్ మరచిపోకూడని పాఠం

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ కుటుంబంతో ముడిపడిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. ఆ బోర్డులో పేరుమోసిన ప్రొఫెసర్లున్నారు, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసినవారున్నారు. అయినా తీర్మానం ఆగలేదు. బయట మదుపరులు తిరగబడ్డాక, గంటల వ్యవధిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో అసలు సంగతి బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. మొదట్లో కొద్దిపాటిగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని ఆ లేఖలోనే ఉంది. 2015లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలుశిక్ష విధించింది.

మోసం సంగతి కోర్టులు చూసుకుంటాయి. మనం ఆలోచించాల్సింది ఆ కొద్దిపాటి తేడా గురించి. ఈ మూడు నెలలూ లాభం తగ్గిందని ఒప్పుకోలేని అధికారి, గట్టిగా నిలదీయని బోర్డు ఒక్కచోట చేరితే ఆ తేడా ఎంత దూరం పోతుందో మనం కళ్లారా చూశాం. దాదాపు 53 వేల మంది ఉద్యోగుల బతుకులు ఒక్క పూటలో ప్రశ్నార్థకమయ్యాయి.

విమానయానం ఎలా నేర్చుకుంది?

1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపంలో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం టేకాఫ్‌కి పరుగు తీస్తుండగా, అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని అందులోని ఫ్లైట్ ఇంజనీరు అనుమానపడ్డాడు. సంస్థలోనే ఎంతో పేరున్న కెప్టెన్ ఆ అనుమానాన్ని తోసిపుచ్చాడు. ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయాన సంస్థలు పైలట్ల శిక్షణనే మార్చాయి. నైపుణ్యం ఉన్నంతమాత్రాన చాలదని గ్రహించి, కో-పైలట్‌కి సందేహాన్ని స్పష్టంగా చెప్పడం, కెప్టెన్‌కి దాన్ని వినడం నేర్పడం మొదలుపెట్టాయి. నేడు ప్రపంచమంతటా పైలట్లకు ఈ శిక్షణ తప్పనిసరి.

అయినా 2010 మే 22న మంగళూరులో దిగుతున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో, దిగవద్దు, మళ్లీ పైకి లేపమని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు హెచ్చరించినా కెప్టెన్ దించేందుకే ప్రయత్నించాడు. 158 మంది ప్రాణాలు పోయాయి. మాట్లాడేవాడికి ధైర్యం నూరిపోస్తే సరిపోదు, వినేవాడు మారాలి. ఒక్కసారి నేర్పి వదిలేసినా సరిపోదు, అది అలవాటుగా మారేదాకా సాధన చేయించాలి.

తప్పు ఒప్పుకుంటే అధికారం తగ్గదు

బేగంపేటలో చదువుకున్న సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టారు. ఆ అక్టోబరులో మహిళా సాంకేతిక నిపుణుల సదస్సులో, జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకోవాలన్న అర్థంలో మాట్లాడారు. మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలే అదే వేదిక మీద, అందరి ముందూ ఆయనతో విభేదించారు. ఆ రోజే ఆయన ఉద్యోగులందరికీ ఉత్తరం రాసి, తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. దానివల్ల ఆయన పదవికి వచ్చిన లోటేమీ లేదు.

"బాస్ మెత్తబడితే పని సాగదు" అంటారు కొందరు. మేం మెత్తదనం అడగడం లేదు. అందరి మాటా విన్నాక నిర్ణయం అధికారిదే, బాధ్యతా ఆయనదే. "మా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అంటారు ఇంకొందరు. లోపలికి వచ్చి నిజం చెప్పినవాడి అప్రైజల్ ఆ ఏడాది ఏమైందో మిగతావాళ్లు చూస్తూనే ఉంటారు. ఇక విని ఊరుకోవడం వల్లా లాభం లేదు. ధృతరాష్ట్రుడు రాత్రంతా విదురుడి మాట విన్నాడు, తెల్లవారాక మాత్రం కొడుకు మాటే చెల్లింది.

మా కోరికలు

1. మీటింగులో చిన్న ఉద్యోగి ముందు, పెద్ద అధికారి చివర మాట్లాడాలి. సైనిక న్యాయస్థానాల్లో జూనియర్ సభ్యుడే ముందుగా అభిప్రాయం చెప్పే పద్ధతి ఉంది. పెద్దాయన మాట విన్నాక ఇంకెవరూ స్వేచ్ఛగా మాట్లాడలేరనే ఆ పద్ధతి పెట్టారు.

2. ప్రతి రివ్యూ "ఎక్కడ తేడా వస్తోంది?" అన్న ప్రశ్నతో మొదలు కావాలి. సమస్యను ముందుగా చెప్పినవారిని నిందించకూడదు. ఏం చేశారో, చేయకపోతే ఎందుకో వారంలోగా వారికి జవాబివ్వాలి.

3. మేనేజర్ ప్రమోషన్‌లో ఆయన కింద పనిచేసేవారి అభిప్రాయానికీ మార్కులుండాలి. పేర్లు బయటపడకుండా దాన్ని సేకరించాలి.

4. కోపాన్ని అదుపు చేసుకోవడం, అడ్డుతగలకుండా వినడం, నలుగురిలో తిట్టినప్పుడు ఆ నలుగురిలోనే క్షమాపణ చెప్పడం, వీటికి ఏటా శిక్షణ ఇవ్వాలి. ఎండీతో సహా ఎవరికీ మినహాయింపు ఉండకూడదు.

5. అక్రమాలను తెలిపే ఉద్యోగికి రక్షణ కల్పించే ఏర్పాటు స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల్లో ఉండి తీరాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ నిబంధన వర్తించని చిన్న కంపెనీలూ తమంతట తాము దాన్ని పెట్టుకోవాలి.

6. మేనేజ్‌మెంట్ కళాశాలలు ఫైనాన్స్, మార్కెటింగ్‌లతో సమానంగా ఈ వినే గుణాన్ని పాఠ్యాంశం చేసి, ఆచరణలో పరీక్షించాలి.

వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు, ప్రభుత్వ ఉత్తర్వులూ అక్కర్లేదు. అధికారులారా, వచ్చే సోమవారం మీటింగులో మీరు నోరు విప్పకముందే గదిలోని అందరికంటే చిన్న ఉద్యోగి అభిప్రాయం అడగండి. అడ్డుపడకుండా చివరిదాకా వినండి. ఆ మాట నచ్చకపోయినా, అది మీకు చేరినందుకు అందరి ముందూ ధన్యవాదాలు చెప్పండి. ఉద్యోగులారా, ఈ కరపత్రాన్ని మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించండి. ఈ ఆరింటిలో మీ కంపెనీ దేనితో మొదలుపెడుతుందో యాజమాన్యాన్ని అడగండి.