తేలికైనదే మేలైనదా?



మీ బడిలోనో, మీ మేనమామగారి ఇంట్లోనో మూలపడిన పాత కంప్యూటరు ఒకటి ఉండే ఉంటుంది. మీట నొక్కి పది నిమిషాలు కూర్చున్నా తెర సిద్ధం కాదు. ఇక పనికిరాదని దాన్ని పాతసామాన్లవాడికి వేసేద్దామనుకుంటారు. కాస్త ఆగండి. 2022 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో దాదాపు 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధిచేసినట్టు లెక్కకు వచ్చింది నాలుగో వంతు కూడా లేదు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే అర్హతలు చాలా పాత యంత్రాలకు లేవు. యంత్రం బాగానే ఉన్నా, దాన్ని నడిపే ఏర్పాటు లేకుండా పోయిందన్నమాట.

ఇక్కడే లినక్స్ అక్కరకు వస్తుంది. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. ఒకే బియ్యంతో పులిహోర, దద్దోజనం, పొంగలి వండుకున్నట్టు, ఈ ఒక్క లినక్స్‌కే రకరకాల ప్రోగ్రాములు చేర్చి అనేక డిస్ట్రిబ్యూషన్లు తయారుచేశారు. వాటిలో కొన్ని బరువైనవి, కొన్ని తేలికైనవి.

"అన్నిటికన్నా తేలికైనది ఏది మాస్టారూ?" అని పిల్లలు నన్ను అడుగుతుంటారు. అలా అడగడం సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

కంప్యూటరులోని ర్యామ్ మీరు చదువుకునే బల్ల వంటిది. హార్డ్ డిస్కు పుస్తకాల బీరువా. బల్ల నిండిపోతే మాటిమాటికీ లేచి బీరువా దగ్గరకు వెళ్ళాలి. పాత కంప్యూటరు నత్తనడక నడవడానికి ముఖ్యకారణం ఇదే. తేలికైన లినక్స్ బల్లమీద కొంత చోటు మిగులుస్తుంది, నిజమే. కాని మీరు బ్రౌజరు తెరిచి నాలుగు పేజీలు చూస్తే అదొక్కటే ఒక జీబీ ర్యామ్‌ను తినేయగలదు. లినక్స్ తేలికైనంత మాత్రాన వెబ్ పేజీ బరువు తగ్గదు కదా! అందుచేత 1 జీబీ ఉన్న యంత్రానికి ఈ పొదుపు ప్రాణాధారం. 4 జీబీ ఉన్నదానికి అంత అవసరం లేదు. దానికి తిరిగే హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి పెడితే కలిగే లాభమే ఎక్కువ.

తేలికదనానికి మూల్యం కూడా ఉంది. మరీ తేలికైనవాటిలో ప్రింటరు, తెలుగు టైపింగు వంటివి మనమే అమర్చుకోవలసి రావచ్చు. ఏళ్ళనాటి ప్రతి కూడా తేలికగానే ఉంటుంది. కాని రక్షణ సవరణలు అందనిదాన్ని ఇంటర్నెట్‌కు తగిలించడం తలుపుల్లేని ఇంట్లో నిద్రపోవడమే.

మరి ఎలా ఎంచుకోవాలి? ప్రయోగశాలలో చేసినట్టే చేయండి.

మొదట కొలవండి. ప్రాసెసరు 32 బిట్‌దా, 64 బిట్‌దా? ర్యామ్ ఎంత? 32 బిట్ పీసీలకు దారులు మూసుకుపోతున్నాయి. 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది.

తరువాత రెండుమూడింటిని ఎంచండి. 4 జీబీ ఉంటే లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, 2 జీబీ ఉంటే లుబుంటు లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీతో కూడిన డెబియన్, 1 జీబీ అయితే యాంటిఎక్స్ లేదా పప్పీ.

ఆపైన పరీక్షించండి. వీటిని డిస్కు జోలికి పోకుండా పెన్ డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. అన్నిటికీ అదే పెన్ డ్రైవు, అదే వెబ్ పేజీ, అదే వీడియో వాడి, పట్టిన సమయం రాసుకోండి. వైఫై పనిచేస్తోందా, తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా చూడండి. నచ్చినదాన్ని స్థాపించేముందు పాత ఫైళ్ళు వేరేచోట దాచి, పెద్దల అనుమతి తీసుకోండి.

"లినక్స్ పిల్లలకు కష్టం" అనేవారున్నారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి దానిమీదే నేర్చుకుంటున్నారు. వాళ్ళకు సాధ్యమైనది మీకు కాదా?

ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు మీ తరగతిలో ఎందరో ఉన్నారు. మీరు బతికించే ఒక్కొక్క యంత్రం ముందు వాళ్ళలో ఒకరు కూర్చోగలరు. ఏది మంచిదని ఎవరినో అడగడం మాని, ఈ ఆదివారమే కొలిచి చూడండి.