సముద్రం కబురు పంపుతుంది!

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో రాత్రీపగలూ సముద్రాన్నే కనిపెట్టుకుని ఉండే కేంద్రం ఒకటుంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్... అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. సునామీ వస్తుంటే దేశానికి ముందుగా చెప్పాల్సిన బాధ్యత దానిదే.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. అలలు మన తూర్పుతీరాన్ని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఒడ్డున ఉన్నవాళ్లు నడిచి వెళ్లినా ప్రాణాలు దక్కేంత సమయం. కానీ చెప్పేవారేరీ? పసిఫిక్‌లో అప్పటికే హెచ్చరిక వ్యవస్థ ఉంది, హిందూ మహాసముద్రంలో లేదు. ఆ లోటు తీర్చేందుకే 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది.

భూకంపం వచ్చిందని సిస్మోగ్రాఫ్ చెబుతుంది. సునామీ పుట్టిందా లేదా అన్నది మాత్రం నీరే చెప్పాలి. నడిసముద్రంలో సునామీ అల ఎత్తు సాధారణంగా మీటరు కూడా ఉండదు. పైన వెళ్లే ఓడకు దాని సంగతే తెలియదు. వేగం మాత్రం జెట్ విమానమంత! దాన్ని పసిగట్టేందుకు సముద్రం అడుగున పీడనాన్ని కొలిచే పరికరాన్ని ఉంచుతారు. పైనున్న నీటి బరువు కాస్త మారినా అది గుర్తిస్తుంది. రేడియో తరంగాలు నీళ్లలో ఎక్కువ దూరం పోలేవు కాబట్టి, కబురును శబ్దం రూపంలో పైకి పంపుతుంది. పైన తేలే బోయ దాన్ని అందుకుని ఉపగ్రహానికి చేరవేస్తుంది. అక్కణ్నుంచి హైదరాబాద్‌కి... అంతా నిమిషాల్లోనే.

'సునామీ లేదు' అన్న కబురూ ముఖ్యమే. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమరగా 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. సముద్రం అడుగున నేల ఎక్కువగా పక్కకి జరగడంతో పెద్ద సునామీ పుట్టలేదు. ఇలాంటప్పుడు నీటి లెక్కలు చేతిలో ఉంటే తీరమంతా ఖాళీ చేయించే పని తప్పుతుంది. ఉత్తుత్తి హెచ్చరికలు నాలుగుసార్లు వస్తే, ఐదోసారి నిజంగా వచ్చినా జనం కదలరు మరి!

ఇంత పనిచేసే బోయకు తుపానుతోనే కాదు, మనుషులతోనూ ముప్పే. తేలే వస్తువు నీడన చేపలు చేరతాయి. చేపలున్నచోటికి పడవలొస్తాయి. బోయకు తాడు కడతారు, వలలు చుట్టుకుంటాయి, తీగలు తెగుతాయి. సోలార్ పలకలూ ఇనుప భాగాలూ ఊడదీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. బాగుచేయాలంటే మళ్లీ నడిసముద్రానికి ఓడ వెళ్లాలి. అప్పటిదాకా అక్కణ్నుంచి కబురు రాదు. అందుకే బోయల్ని చూసుకునే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, వాటి అవసరమేంటో మత్స్యకారులకు వివరిస్తూ వస్తోంది.

చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంతెత్తు లేస్తాయో మత్స్యకారులకు చెప్పేది కూడా ఇన్‌కాయిసే. వేటకెళ్లినప్పుడు పసుపురంగు బోయ కనిపిస్తే పడవను కాస్త దూరంగా పోనిస్తే చాలు. అది కాపలా కాసేది ఒడ్డున ఉన్న వాళ్ల ఇంటివాళ్లకే!