మందు నీళ్లకు ఊకబొగ్గు విరుగుడు

బెలుం గుహలకు వెళ్లినవాళ్లు చెమటతో తడిసి ముద్దయినా సరే, పాతాళగంగ దాకా దిగకుండా వెనక్కి రారు. ముఖద్వారం నుంచి లెక్కేస్తే దాదాపు 150 అడుగుల లోతున ఉంటుందా చోటు. అక్కడో సన్నటి నీటిపాయ. రాతిలోంచి వస్తుంది, కాస్త దూరం కనిపిస్తుంది, మళ్లీ రాతిలోకే మాయమవుతుంది! రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరి బావిలో తేలేది ఆ నీరేనని చుట్టుపక్కలవాళ్లు చెబుతారు.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహల గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1982-83లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలతలు తీసేదాకా పట్టించుకున్నవాళ్లు తక్కువే. 3,229 మీటర్ల పొడవు లెక్కతేలింది. ఆ పొడవంతా నీళ్లు తొలిచిందే. సున్నపురాయి గుణమే అంత. వాననీరు పగుళ్లలోకి దిగి రాయిని కరిగిస్తూ దారులు చేసుకుంటుంది. మట్టినేలలో నీరు అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతుంది. ఆ ప్రయాణంలో కొంత మురికి మట్టికి అంటుకుపోతుంది, కొంత సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. సున్నపురాయి నేలలో అలా కాదు. పైన పోసింది గొట్టంలో పోసినట్టు సరాసరి కిందికి పోతుంది. ఎక్కడ తేలుతుందో ఆ రాయికే తెలియాలి!

ఇలాంటి నేలలో నీటిలోకి మందులు చేరితే? ఈ ప్రశ్న బెలుం నీటి మీద నింద కాదు. జరిగిన కథ వేరేచోట ఉంది. హైదరాబాద్ పక్కన, పటాన్‌చెరులో.

స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. 'శుద్ధి' అయిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. అవును, జ్వరాలకూ ఇన్‌ఫెక్షన్లకూ డాక్టర్లు రాసే యాంటీబయాటిక్కే. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! రోజుకు 45 కిలోల మందు కాలువ పాలవుతోందనీ, అది 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌లో అయిదు రోజుల వాడకంతో సమానమనీ వాళ్లు లెక్కగట్టారు. 2009లో అచ్చయిన మరో అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లోనూ, పల్లెల బావుల్లోనూ మందుల జాడ ఉందని చెప్పింది. అలాంటి నీటిలో మందుకు చావని సూక్ష్మజీవులే మిగులుతాయి. రేపు మనిషికి జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయదు. అసలు భయం అదీ.

శుద్ధి కేంద్రం ఉండి కూడా ఇలా ఎందుకు జరుగుతుంది? మురుగునీటిని శుద్ధి చేసే పనిలో సగానికి సగం బ్యాక్టీరియాదే. యాంటీబయాటిక్ ఉన్నదే బ్యాక్టీరియాను చంపడానికి. కాపలావాడికే విషం పెట్టినట్టన్నమాట! ఇక పటిక వేసినా, పల్లెల్లో చేసినట్టు చిల్లగింజ అరగదీసి కలిపినా పేరుకునేది బురదే. కరిగిపోయిన మందు అలాగే ఉంటుంది. ఆర్వో యంత్రం మందుల్ని చాలావరకు ఆపుతుంది కానీ, ఆపినదాన్ని పక్క గొట్టంలోంచి మళ్లీ మోరీలోకే వదిలేస్తుంది.

ఇక్కడే పొలం నుంచి ఓ చుట్టం వస్తుంది. బొగ్గు.

ఇంట్లో నీళ్ల ఫిల్టరు ఉన్నవాళ్లకు ఇది పాత పరిచయమే. అందులోని కార్బన్ గొట్టంలో ఉండేది చాలాసార్లు కొబ్బరిచిప్ప బొగ్గే. కొబ్బరిచిప్పతో అయ్యే పని వరిఊకతో, వేరుశెనగ పొట్టుతో, మొక్కజొన్న బెండుతో, పత్తికట్టెతో ఎందుకు కాదన్న ఆలోచనతో ఎన్నో దేశాల్లో ప్రయోగాలు జరిగాయి. అవుతుందనే తేలింది. అయితే పొయ్యిలో మిగిలిన బొగ్గు సరిపోదు. పొట్టును గాలి తగలకుండా మాడ్చాలి. తర్వాత ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఆవిరి పట్టించాలి. లేదంటే ముందే ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, అంతకన్నా తక్కువ వేడిలో కాల్చాలి. అప్పుడు బొగ్గులో కంటికి కనిపించని రంధ్రాలు లక్షలకొద్దీ తెరుచుకుంటాయి. ఒక్క గ్రాము మంచి బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు... అంటే పాతిక సెంట్ల నేల! చాలా మందుల అణువుల్లో ఉంగరాల్లాంటి నిర్మాణాలుంటాయి. బొగ్గు పొరలూ అలాంటి ఉంగరాల అల్లికే. రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. పారాసెటమాల్, డైక్లోఫెనాక్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్... వీటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా పట్టేసిన సందర్భాలు ప్రయోగశాలల్లో బోలెడు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో వరికి కొదవలేదు. ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే. కానీ ఊకలో ఇసుకలోని సిలికానే పదిహేను, ఇరవై శాతం ఉంటుంది. దాన్ని క్షారంతో కడిగి తీస్తే గానీ రంధ్రాలు సరిగ్గా తెరుచుకోవు. వేరుశెనగ పొట్టుకు ఆ పేచీ లేదు, బూడిద తక్కువ. రాయలసీమలో ఎంచుకోవాల్సి వస్తే పొట్టుకే ఓటెయ్యాలి. ఇంకోమాట. పరిశోధనా పత్రాల్లో ఊకను 'పనికిరాని వ్యర్థం' అని రాస్తుంటారు. రాసినవాళ్లు మిల్లుకెళ్లి ఓ లారీ ఊక బేరమాడితే తెలుస్తుంది! బాయిలర్లూ ఇటుకబట్టీలూ దాన్ని ఎప్పుడో పంచేసుకున్నాయి.

ప్రయోగశాల గెలుపుల్లో ఓ కిటుకు కూడా ఉంది. చాలావాటిలో వాడేది స్వచ్ఛమైన నీరు, అందులో కలిపేది ఒకే ఒక్క మందు. ఫ్యాక్టరీ నీటిలో ఉప్పులు, ద్రావకాలు, రంగులు, ఇంకా నానా చెత్తా ఉంటాయి. పండగ ముందు నంద్యాల బస్సులో సీట్ల సంగతే ఇక్కడా... మందు వచ్చేసరికి రంధ్రాలన్నీ వేరేవాళ్లు ఎక్కేసి ఉంటారు. సున్నపురాయి నీళ్లతో మరో చిక్కు. టెట్రాసైక్లిన్ మాత్రను పాలతో వేసుకోవద్దంటారు గుర్తుందా? పాలలోని కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుంది. సున్నం ఎక్కువున్న నీటిలోనూ అదే జరుగుతుంది. దాంతో బొగ్గు పట్టే లెక్కా మారిపోతుంది. కాబట్టి ఎక్కడో తీసిన అంకెలు కొలిమిగుండ్ల నీటికి పనికిరావు. ఆ నీటితోనే పరీక్షించాలి.

బొగ్గుతో పెద్ద ఎత్తున ఈ పని చేస్తున్న దేశం లేకపోలేదు. స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం ఎంపిక చేసిన మురుగుశుద్ధి కేంద్రాలు మందుల్లాంటి సూక్ష్మ కాలుష్యాల్ని 80 శాతం తొలగించాలి. అందుకు ఓజోన్ గానీ, బొగ్గు గానీ వాడుతున్నారు. మన దేశంలో 2020 జనవరిలో ముసాయిదా వచ్చింది. మందుల ఫ్యాక్టరీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో అందులో ఉంది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక మాయం! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఇదే విషయం మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి సలహాలే గానీ చట్టం కాదు. పరిమితే లేనప్పుడు ఏ ఫ్యాక్టరీ అయినా బొగ్గు మీద రూపాయి ఎందుకు పెడుతుంది?

పెట్టినా, ఎక్కడ పెట్టాలన్నది బెలుం లాంటి చోట మరీ ముఖ్యం. నీరు రాతి సందుల్లోకి దిగాక దాని దారికి అడ్డంగా బొగ్గు పెట్టే వీల్లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఆసుపత్రి మోరీ దగ్గర, నీరింకా గొట్టంలో ఉండగానే పట్టాలి.

పట్టాక ఏం చెయ్యాలి? బొగ్గు మందును పట్టుకుంటుందే గానీ చంపదు. నెలల తరబడి మందు తాగిన ఆ బొగ్గును ఎరువనుకుని చేలో చల్లినా, పాడుబడ్డ నాపరాయి గనిలో గుమ్మరించినా వానలకు కొంత మందు వదులుతుంది, మళ్లీ రాతిలోకి దిగుతుంది. స్విట్జర్లాండ్‌లో మురుగు బురదను కాల్చెయ్యాల్సిందే కాబట్టి, పొడి బొగ్గు కూడా దాంతోపాటే బూడిదవుతుంది. ఇక్కడ రైసుమిల్లు బాయిలర్ ఉంది కదా అనిపించవచ్చు. అది ఊక కోసం కట్టింది. మందును పూర్తిగా విరగ్గొట్టేంత వేడి అందులో నిలకడగా ఉంటుందని గానీ, పొగలో ఏం పోతోందో చూసేవాళ్లున్నారని గానీ భరోసా లేదు. ఊకబొగ్గు యూనిట్ పెడతామని ఎవరైనా వస్తే, ఊరివాళ్లు ముందు అడగాల్సింది బొగ్గు ధర కాదు... వాడేసిన బొగ్గును ఏ కొలిమికి పంపుతారని.